ఖాళీ గడి సున్నా కాదు: మండల వర్షపాత ఫైళ్లను రూబీ భాషలో చదివే విధానం

సంగ్రహం

వ్యవసాయ విస్తరణలో ఉపయోగించే దత్తాంశంలో అధిక భాగం కామాలతో వేరుచేసిన సాదా పాఠ్య ఫైళ్ల రూపంలో లభిస్తుంది. ఈ ఫైళ్లను కంప్యూటరు కార్యక్రమం ద్వారా చదివేటప్పుడు నమోదు కాని విలువ సున్నాగా మారడం, వరుసలోని విలువలు పక్క గడులలోకి జరగడం, ఒకే మండలం రెండు పేర్లతో లెక్కకు రావడం వంటి దోషాలు ఏర్పడతాయి. వీటిలో చాలా వరకు ఎటువంటి హెచ్చరికా లేకుండా జరిగిపోతాయి. కడప జిల్లా బ్రహ్మంగారిమఠం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండలాల వర్షపాత ఫైలును నమూనాగా తీసుకొని, రూబీ భాషలోని సీఎస్‌వీ గ్రంథాలయంతో ఇటువంటి ఫైళ్లను దోషరహితంగా చదివే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని వర్షపాత అంకెలు వివరణ కొరకు కల్పించినవే గాని నమోదైన కొలతలు కావు.

ఉపోద్ఘాతం

కడప జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 700 మి.మీ. బ్రహ్మంగారిమఠం మండలంలో తెలుగుగంగ పథకంలో భాగమైన బ్రహ్మంసాగర్ జలాశయం ఉన్నప్పటికీ, జిల్లాలో వర్షాధార సేద్యానికి ఉన్న ప్రాముఖ్యం తగ్గలేదు. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేలల్లో శనగ విత్తే సమయం నేలలో నిలిచిన తేమపై ఆధారపడుతుంది. పులివెందుల ప్రాంతపు చీనీ తోటల నీటి యాజమాన్యానికి కూడా వాన లెక్కే ఆధారం. ఇటువంటి ప్రాంతంలో ఒక రోజు వాన నమోదు కావడానికీ, కాకపోవడానికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు.

భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఉదయం 8.30 గంటలకు అంతకుముందు 24 గంటల వర్షపాతాన్ని కొలుస్తారు. 2.5 మి.మీ. లేదా అంతకు మించి వాన పడిన రోజును వర్షపు రోజుగా పరిగణిస్తారు. సాధారణ వర్షపాతంతో పోల్చినప్పుడు తేడా 19 శాతం లోపల ఉంటే సాధారణం, 20 నుండి 59 శాతం తగ్గితే లోటు, 60 నుండి 99 శాతం తగ్గితే తీవ్ర లోటు అని వర్గీకరిస్తారు. కరువు మండలాల గుర్తింపులోను, 2016లో పునర్‌వ్యవస్థీకరించిన వాతావరణ ఆధారిత పంటల బీమా పథకంలోను వర్షపాత నమోదులకు ప్రత్యక్ష పాత్ర ఉన్నది. అందువల్ల ఫైలు చదవడంలో జరిగే పొరపాటు సాంకేతిక లోపంగా మాత్రమే మిగలదు. అది రైతుకు అందే సలహాలోనికి, పరిహారంలోనికి ప్రవేశిస్తుంది.

ఒక్క ఖాళీ గడి చేసే మార్పు

బ్రహ్మంగారిమఠం మండలానికి చెందిన ఒక వారపు నమూనా ఫైలు ఈ విధంగా ఉన్నదనుకొనవచ్చు.

మండలం,తేదీ,వర్షపాతం,గమనిక
బ్రహ్మంగారిమఠం,01-08-2023,12.0,
బ్రహ్మంగారిమఠం,02-08-2023,0.0,
బ్రహ్మంగారిమఠం,03-08-2023,8.5,
బ్రహ్మంగారిమఠం,04-08-2023,,"స్వయంచాలిత కేంద్రం పనిచేయలేదు, కాగితపు పుస్తకం చూడవలెను"
బ్రహ్మంగారిమఠం,05-08-2023,0.0,
బ్రహ్మంగారిమఠం,06-08-2023,3.0,
బ్రహ్మంగారిమఠం,07-08-2023,0.0,

ఆ వారపు సాధారణ వర్షపాతం 30 మి.మీ. అని భావిస్తే, ఖాళీ గడిని సున్నాగా లెక్కించినప్పుడు మొత్తం 23.5 మి.మీ. అవుతుంది. ఇది సాధారణం కంటే 21.7 శాతం తక్కువ; వర్గీకరణలో 'లోటు'. కాగితపు పుస్తకంలో నాలుగవ రోజుకు 10 మి.మీ. నమోదై ఉంటే మొత్తం 33.5 మి.మీ., అనగా సాధారణం కంటే 11.7 శాతం ఎక్కువ, వర్గీకరణలో 'సాధారణం'. కొలత ఎక్కడా లభించని పక్షంలో సరైన సమాధానం లోటూ కాదు, సాధారణమూ కాదు. ఆరు రోజుల లెక్క మాత్రమే ఉన్నదని చెప్పడమే సరైనది. వర్గాన్ని మార్చినది వాన కాదు, ఖాళీ గడిని కార్యక్రమం అర్థం చేసుకున్న తీరు.

కామా ఫైలు, రూబీ భాష: సంక్షిప్త పరిచయం

రూబీ భాషను జపాను దేశానికి చెందిన యుకిహిరో మత్సుమోతో రూపొందించి 1995లో విడుదల చేశారు. కామా ఫైళ్లు అంతకు ఎంతో ముందు నుండి వాడుకలో ఉన్నా, వాటి రూపాన్ని వివరించే ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం 2005 అక్టోబరులో గాని వెలువడలేదు. దాని ప్రకారం గడులను కామా వేరుచేస్తుంది. గడిలో కామా, పంక్తి విరామం లేదా జంట ఉల్లేఖన గుర్తు ఉంటే ఆ గడి మొత్తాన్ని జంట ఉల్లేఖన గుర్తుల మధ్య ఉంచాలి. గడిలోపల ఆ గుర్తే రావలసి వస్తే దానిని రెండుసార్లు వ్రాయాలి.

రూబీలో ఈ పని చేసే ప్రామాణిక సాధనం సీఎస్‌వీ గ్రంథాలయం. జేమ్స్ ఎడ్వర్డ్ గ్రే రూపొందించిన ఫాస్టర్ సీఎస్‌వీ అనే గ్రంథాలయం రూబీ 1.9 నుండి పాత గ్రంథాలయం స్థానాన్ని ఆక్రమించింది. 2024 డిసెంబరులో విడుదలైన రూబీ 3.4 నుండి ఇది భాషతో పాటు అందించే ప్రత్యేక జెమ్‌గా మారింది. కావున బండ్లర్ వాడే ప్రాజెక్టులలో జెమ్‌ఫైల్‌లో సీఎస్‌వీ పేరును చేర్చుకోవలసి ఉంటుంది.

స్ప్లిట్ మెథడ్ ఎందుకు చాలదు

విద్యార్థులు మొదట ప్రయత్నించే మార్గం ప్రతి పంక్తిని కామా వద్ద స్ప్లిట్ మెథడ్‌తో విడగొట్టడం. పై నమూనాలో ఇది మూడు విధాల విఫలమవుతుంది.

మొదటిది, నాలుగవ రోజు గమనికలో కామా ఉన్నది. ఉల్లేఖన గుర్తుల అర్థం స్ప్లిట్‌కు తెలియదు కాబట్టి ఆ పంక్తి నాలుగు గడులకు బదులు ఐదు ముక్కలవుతుంది.

రెండవది, పంక్తి చివరనున్న ఖాళీ గడులను స్ప్లిట్ తొలగిస్తుంది. వర్షపాతమే చివరి నిలువు వరుసగా ఉన్న ఫైలులో నమోదు కాని రోజున ఆ గడి పూర్తిగా అదృశ్యమవుతుంది. పరిమితి స్థానంలో -1 ఇస్తే ఖాళీ గడులు నిలుస్తాయి గాని, మొదటి సమస్య తీరదు.

మూడవది, ఉల్లేఖన గుర్తుల మధ్య ఉన్న గమనిక రెండు పంక్తులుగా సాగితే, ఒకే నమోదు రెండు వేర్వేరు నమోదులుగా చీలిపోతుంది.

సీఎస్‌వీ గ్రంథాలయం ఈ మూడింటినీ సరిగా నిర్వహిస్తుంది. సీఎస్‌వీ.ఫర్‌ఈచ్ మెథడ్ ఒక్కొక్క నమోదును చదివి అందిస్తుంది, సీఎస్‌వీ.రీడ్ మొత్తం ఫైలును ఒకేసారి జ్ఞాపకంలోనికి తెస్తుంది. నాలుగు మండలాల 30 ఏళ్ల దినవారీ నమోదులు సుమారు 43,800 వరుసలే కాబట్టి రెండింటిలో ఏదైనా సరిపోతుంది. గంటవారీ ఫైళ్లకు మొదటిది మేలు. హెడర్స్ అనే ఐచ్ఛికాన్ని ట్రూగా ఉంచితే మొదటి పంక్తిని శీర్షికలుగా గ్రహించి, ప్రతి గడిని స్థానంతో కాక పేరుతో పిలిచే వీలు కల్పిస్తుంది. టాబ్ లేదా సెమికోలన్‌తో వేరుచేసిన ఫైళ్లకు కాల్‌సెప్ ఐచ్ఛికంలో ఆ గుర్తును తెలపాలి.

నిల్ నుండి సున్నాకు దారితీసే గొలుసు

ఉల్లేఖన గుర్తులు లేని ఖాళీ గడిని సీఎస్‌వీ గ్రంథాలయం నిల్‌గా, అనగా 'విలువ లేదు' అనే అర్థంలో అందిస్తుంది. ఉల్లేఖన గుర్తుల మధ్య ఏమీ లేకుంటే ఖాళీ పదంగా అందిస్తుంది. ఇంతవరకు దోషం లేదు. దోషం తరువాతి అడుగులో ఉన్నది. రూబీలో పదాన్ని దశాంశ సంఖ్యగా మార్చే టు-ఎఫ్ మెథడ్ ఎప్పుడూ ఫిర్యాదు చేయదు. నిల్‌ను ఇచ్చినా 0.0, ఖాళీ పదాన్ని ఇచ్చినా 0.0, 'నమోదు లేదు' అని వ్రాసినా 0.0, తెలుగు అంకెలతో '౧౨' అని వ్రాసినా 0.0 అనే సమాధానం వస్తుంది. వాన పడని రోజుకూ, వాన కొలవని రోజుకూ భేదం ఇక్కడే నశిస్తుంది.

శీర్షికలోని చిన్న లోపం ఈ గొలుసును మరింత ప్రమాదకరం చేస్తుంది. 'వర్షపాతం' అనే శీర్షిక చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉంటే, కార్యక్రమం వెదికే పేరుకూ ఫైలులోని పేరుకూ పొత్తు కుదరదు. చదరపు బ్రాకెట్లతో గడిని అడిగినప్పుడు రూబీ దోషం చూపక నిల్ ఇస్తుంది; టు-ఎఫ్ దానిని 0.0 చేస్తుంది. ఫలితంగా జిల్లా అంతటా సంవత్సరం పొడవునా చినుకు పడలేదన్న పట్టిక తయారవుతుంది. అంత పెద్ద తప్పు ఎవరి కంటనైనా పడుతుంది. అయితే నాలుగు ఫైళ్లను కలిపినప్పుడు వాటిలో ఒక్కదాని శీర్షికలో మాత్రమే ఈ లోపముంటే, అది ఒక మండలపు అనావృష్టిలా కనిపించి నిజమని నమ్మిస్తుంది.

దీనికి రెండు నివారణలున్నాయి. గడిని చదరపు బ్రాకెట్లకు బదులు ఫెచ్ మెథడ్‌తో అడగాలి. శీర్షిక లేనప్పుడు అది కీ-ఎర్రర్ చూపి అక్కడే ఆగిపోతుంది. సంఖ్యగా మార్చడానికి టు-ఎఫ్‌కు బదులు ఫ్లోట్ అనే కర్నెల్ ఫంక్షన్‌ను వాడాలి. సంఖ్య కాని దేనినీ అది అంగీకరించదు. ఆగిపోకుండా కొనసాగవలసి వస్తే, రూబీ 2.6 నుండి లభిస్తున్న ఎక్సెప్షన్ ఐచ్ఛికాన్ని ఫాల్స్‌గా ఉంచితే సంఖ్య కాని చోట నిల్ లభిస్తుంది. అటువంటి వరుసలను ప్రత్యేక జాబితాలో చేర్చవచ్చు.

స్వయంచాలిత మార్పిడుల పరిమితులు

సీఎస్‌వీ గ్రంథాలయంలోని కన్వర్టర్స్ ఐచ్ఛికం గడులను తనంతట తానే సంఖ్యలుగా, తేదీలుగా మార్చగలదు. సౌకర్యంగా కనిపించే ఈ మార్పిడి వ్యవసాయ దత్తాంశంలో తరచు అనర్థహేతువవుతుంది.

పూర్ణాంక మార్పిడి రూబీలోని ఇంటిజర్ ఫంక్షన్‌పై ఆధారపడినది. సున్నాతో మొదలయ్యే అంకెల వరుసను ఆ ఫంక్షన్ అష్టాంశ సంఖ్యగా గ్రహిస్తుంది. ఈ కారణంగా '010' అనే గ్రామ సంకేతం 8గా మారే అవకాశమున్నది. సంకేతాలు, సర్వే నంబర్లు, ఫోను నంబర్లు చూడడానికి అంకెలే అయినా కూడికలకు, తీసివేతలకు ఉద్దేశించినవి కావు. వాటిని పదాలుగానే ఉంచాలి.

తేదీల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. '03-04-2023' అన్నది ఏప్రిల్ మూడో తేదీయా, మార్చి నాలుగో తేదీయా అన్నది ఫైలు చెప్పదు. డేట్.స్ట్ర్‌పీటైమ్ మెథడ్‌కు రోజు, నెల, సంవత్సరం అనే క్రమాన్ని స్పష్టంగా ఇస్తే, ఆ క్రమానికి లొంగని తేదీని అది తిరస్కరిస్తుంది.

అంకెల మధ్య కామా ఉంచే అలవాటు మరొక చిక్కు. మార్కెట్ ధరల ఫైలులో పసుపు ధరను ఉల్లేఖన గుర్తులు లేకుండా 7,250 అని వ్రాస్తే అది రెండు గడులుగా చీలి, తరువాతి విలువలన్నీ ఒక గడి ముందుకు జరుగుతాయి. వరుస చివర శీర్షిక లేని అదనపు గడి మిగలడమే దీనికి ఆనవాలు. ఉల్లేఖన గుర్తులున్నా టు-ఐ మెథడ్ '1,25,000'ను 1గా చదువుతుంది. ముందుగా కామాలను తొలగించి, ఆ తరువాతనే ఇంటిజర్ ఫంక్షన్‌కు దశాంశ పద్ధతిని సూచించే 10తో కలిపి ఇవ్వాలి.

రూబీకి చేరకముందే జరిగే నష్టాన్ని ఏ కార్యక్రమమూ పూడ్చలేదు. ఎక్సెల్‌లో తెరచినప్పుడు 3/2 వంటి సర్వే ఉపవిభాగం తేదీగా మారిపోతుంది. ఈ సమస్య ఇక్కడి కార్యాలయాలకే పరిమితం కాదు. మానవ జన్యువుల పేర్లలో సెప్ట్1, మార్చ్1 వంటివి ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతున్నందున హ్యూగో జన్యు నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చి 2020లో కొత్త మార్గదర్శకాలను ప్రకటించింది. సర్వే నంబర్లను ఆ విధంగా మార్చే వీలు లేదు. కావున అసలు ఫైలును తెరచి భద్రపరచకుండా, యథాతథంగా చదవడమే శ్రేయస్కరం.

తెలుగు లిపి, మండలాల పేర్లు

ఎక్సెల్ నుండి యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచిన కామా ఫైలు మొదట బామ్ అనే మూడు బైట్ల అదృశ్య గుర్తు ఉంటుంది. అది మొదటి శీర్షికకు అతుక్కొని 'మండలం' అనే పేరును దొరకకుండా చేస్తుంది. ఫైలును తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను బామ్‌తో కూడిన యూటీఎఫ్-8గా సూచిస్తే రూబీ ఆ గుర్తును తొలగిస్తుంది. యూటీఎఫ్-8 ఎంచుకోకుండా సాధారణ కామా ఫైలుగా భద్రపరిస్తే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారి, తిరిగి పొందే వీలు లేకుండా పోతాయి.

పేర్ల వైవిధ్యం ఇంతకంటే జటిలమైనది. బ్రహ్మంగారిమఠం, బ్రహ్మంగారి మఠం, బి.మఠం, శ్రీ బ్రహ్మంగారిమఠం అనే నాలుగు రూపాలు మనిషికి ఒకే మండలం, కంప్యూటరుకు నాలుగు. ఆంగ్ల లిపిలో మఠం అన్న మాటకున్న భిన్న వర్ణక్రమాలు వీటికి తోడవుతాయి. జిల్లా పేరు సైతం స్థిరంగా లేదు. 2005లో ఆంగ్ల వర్ణక్రమం మారగా, 2010లో వై.ఎస్.ఆర్. జిల్లాగా, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లాగా పేరు మారింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో జిల్లా సరిహద్దులే మారాయి. దీర్ఘకాలిక వర్షపాత శ్రేణిని జిల్లా పేరుతో కలిపే ప్రయత్నం ఇందువల్ల పొరపాట్లకు దారితీస్తుంది.

కంటికి ఒకేలా కనిపించే పేర్లు కూడా భిన్నంగా ఉండవచ్చు. కొన్ని టైపింగ్ సాధనాలు అక్షరాల మధ్య శూన్య వెడల్పు గల గుర్తును చొప్పిస్తాయి. 'ఐ' కార గుణింతపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగాను, రెండు సంకేతాల కలయికగాను వ్రాయవచ్చు. యూనికోడ్ నార్మలైజ్ మెథడ్ రెండవ భేదాన్ని తొలగిస్తుంది. మొదటి గుర్తును డిలీట్ మెథడ్‌తో విడిగా తీసివేయాలి. స్ట్రిప్ మెథడ్ సాధారణ ఖాళీలను తొలగించినా, వెబ్ పుటల నుండి అతికించిన పాఠ్యంలో వచ్చే విడదీయరాని ఖాళీని వదిలివేస్తుంది.

శాశ్వత పరిష్కారం పేరును వదలి సంకేతాన్ని ఆశ్రయించడం. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో మండలాలకు, గ్రామాలకు సంకేత సంఖ్యలున్నాయి. పేరు రూపాలన్నింటికీ ఎదురుగా ఒకే సంకేతాన్ని చూపే చిన్న పట్టికను రూబీలో హ్యాష్‌గా తయారుచేసుకొని, ఆ పట్టికలో లేని పేరు ఎదురైనప్పుడు కార్యక్రమం ఆగేటట్లు చేయాలి. దగ్గరి పేరును ఊహించి కలపడం తగదు.

దోషపు వరుసలను పారవేయరాదు

బిందుసేద్యపు పరికరాల ఫైలులో 2 అంగుళాల పైపును 2" అని వ్రాయడం పరిపాటి. ఈ గుర్తు కామా ఫైలు నియమానికి విరుద్ధం కావడంతో గ్రంథాలయం మాల్‌ఫార్మ్‌డ్ సీఎస్‌వీ ఎర్రర్‌ను, అది ఎదురైన పంక్తి సంఖ్యతో సహా చూపుతుంది. లిబరల్ పార్సింగ్ అనే ఐచ్ఛికంతో దీనిని దాటవచ్చు. కాని ఆ ఐచ్ఛికం నిజమైన చీలికలను సైతం సహించవచ్చు కాబట్టి, దోషం ఎక్కడున్నదో చూసిన తరువాతనే దానిని ఆశ్రయించాలి. దోషాన్ని పట్టుకొని మౌనంగా తరువాతి వరుసకు పోయే కార్యక్రమం అన్నింటికంటే ప్రమాదకరమైనది.

అసాధారణంగా కనిపించే విలువల విషయంలో కూడా ఇదే నియమం వర్తిస్తుంది. 12.5కు బదులు 125 అని నమోదు కావడం సంభవమే. అయినా పెద్ద విలువలన్నింటినీ తప్పులుగా తొలగించరాదు. 2021 నవంబరు 19న భారీ వరదకు చెయ్యేరు నదిపై గల అన్నమయ్య జలాశయపు కట్ట తెగిన సంగతి జిల్లా మరువలేదు. అటువంటి రోజుల వానను 'అసంభవం' అని కొట్టివేసే కార్యక్రమం చరిత్రలోని అతి ముఖ్యమైన నమోదులనే చెరిపివేస్తుంది. సందేహాస్పదమైన విలువకు గుర్తు పెట్టడం కార్యక్రమం పని; దానిని నిర్ణయించడం కాగితపు పుస్తకాన్ని చూసిన మనిషి పని.

సిఫారసు చేయదగిన క్రమం

1. అసలు ఫైలును మార్చకుండా భద్రపరచి, దాని నకలును మాత్రమే చదవాలి.

2. బామ్‌ను తొలగించే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో తెరచి, శీర్షికలలోని అదనపు ఖాళీలను హెడర్ కన్వర్టర్స్ ఐచ్ఛికం ద్వారా తొలగించాలి. అవసరమైన శీర్షికలన్నీ ఉన్నవో లేవో మొదటనే పరీక్షించాలి.

3. స్వయంచాలిత మార్పిడులను వాడకుండా అన్ని గడులను పదాలుగా చదివి, ఒక్కొక్క నిలువు వరుసకు తగిన మార్పిడిని విడిగా చేయాలి.

4. ప్రతి వర్షపాత గడిని కొలత, కొలిచిన సున్నా, నమోదు కానిది, అర్థం కానిది అనే నాలుగింటిలో ఒక వర్గంలో చేర్చాలి. తెలుగు అంకెలను ముందుగా టీఆర్ మెథడ్‌తో మార్చుకోవాలి.

5. మండల సంకేతం, తేదీ రెండూ కలిపి పునరావృతమైన వరుసలను గుర్తించాలి. ఒకే రోజు వాన రెండుసార్లు కలిస్తే లోటు దాగిపోతుంది.

6. నాలుగు మండలాలకు వారానికి 28 వరుసలు ఉండాలి. చదివిన వరుసల సంఖ్య, అంగీకరించిన వాటి, పక్కన పెట్టిన వాటి మొత్తంతో సమానం కావాలి. ఈ మూడు సంఖ్యలను ప్రతి నివేదిక చివర ముద్రించాలి.

7. మొత్తంతో పాటు ఎన్ని రోజుల కొలతలు లభించాయో చూపాలి. '23.5 మి.మీ.' అనడం కంటే '6 రోజులకు 23.5 మి.మీ., 1 రోజు నమోదు లేదు' అనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ముగింపు

ఈ క్రమాన్ని పాటించే కార్యక్రమం తరచు ఆగుతుంది, ప్రశ్నిస్తుంది, పక్కన పెట్టిన వరుసల జాబితాను చేతికిస్తుంది. తొలిదశలో ఇది విసుగు కలిగించవచ్చు. అయితే ఆగని కార్యక్రమం దోషం లేనిదని అర్థం కాదు. దోషాన్ని పట్టికలో దాచినదని అర్థం. నమూనా వారంలో నాలుగవ రోజు గడి ఖాళీగా ఉన్నా, దాని పక్కనే కాగితపు పుస్తకం చూడమన్న గమనిక ఉన్నది. ఆ గమనికను విస్తరణ శాస్త్రవేత్త వరకు చేర్చగలిగినప్పుడే ఫైలును చదివినట్లు. వాన పడలేదని చెప్పడం వేరు, వాన సంగతి తెలియదని చెప్పడం వేరు. ఆ భేదం చివరి పట్టిక వరకు నిలిచినప్పుడే దానిపై ఆధారపడి రైతుకు ఇచ్చే సలహాకు విలువ ఉంటుంది.